‘ఋణస్థులను’ దగ్గర ఆగిపోతుంది మా అమ్మ

మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచి రెండేళ్లు దాటింది. నన్నేమీ మర్చిపోలేదు. యార్డు నుంచి ఇంటికొస్తే నా ముఖం చూసి నవ్వుతుంది, దగ్గరికి పోతే నా చొక్కాకి పట్టిన మిర్చి ఘాటుకి తుమ్ముతుంది, ఎడం చేత్తో నా చెంప నిమురుతుంది. పేరు మాత్రం నోటికి రాదు. “అది... అది...” అంటుంది. నేనూ అదే, నా భార్యా అదే, ఫ్యానూ అదే, బీపీ బిళ్లా అదే. కానీ తెల్లవారుజామున మంచం పక్కన కూర్చుని “పరలోకమందున్న...” అని నేను అందిస్తే చాలు, “మా తండ్రీ, నీ నామము పరిశుద్ధపరచబడు గాక” అని ఎక్కడా తడబడకుండా ఎత్తుకుంటుంది. ఎనభై ఏళ్లకు దగ్గరపడిన గొంతు, వణుకు ఉంటుంది. మాటలు మాత్రం ఒక్కటీ పొల్లుపోవు.

ఒక్కచోట తప్ప. ఆ సంగతి తర్వాత చెప్తాను.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాని నేను. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగడం, కాటా పడడం, రంగు పోయిన తాలు కాయ వేరు చేయడం, రైతుకి అమ్మకం లెక్క పట్టీ రాసివ్వడం, ఎవరికెంత అడ్వాన్సు ఇచ్చాం, ఎంత వడ్డీ అయింది, ఇవీ నా లెక్కలు. ప్రార్థన గురించి రాసే అర్హత నాకేముందని మీరనుకుంటే నేనేమీ అనుకోను. ఆ మాట మా ఇంట్లో కూడా అన్నారు.

మాది పాత గుంటూరులో లూథరన్ కుటుంబం. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ హేయర్ అయ్యగారు 1842లో ఈ ఊళ్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఇక్కడ ఆ సంఘం ఉంది. మా అమ్మమ్మ ఊళ్లు తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే బైబిల్ ఉమన్. అమ్మ పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చిందని, ఆడవాళ్లకు వైద్యం చేయడానికి ఆడ డాక్టరు అంత దూరం నుంచి వచ్చిందని, చిన్నప్పుడు అన్నం ముద్దలు పెడుతూ చెప్పేది. మా ఇంట్లో పరలోక ప్రార్థన, అంటే యేసు శిష్యులకు నేర్పిన ఆ ‘పరలోకమందున్న మా తండ్రీ’, కంచం కడిగినంత మామూలు. నాలుగో ఏటికే వచ్చేసింది. ఎలా వచ్చిందో గుర్తు లేదు, ఎక్కాల్లాగే.

ఇరవై అయిదేళ్ల వయసులో నాకు అదంతా చప్పగా అనిపించింది. ఒక స్నేహితుడి వెంట వేరే సంఘానికి పోవడం మొదలుపెట్టాను. అక్కడ డ్రమ్స్, కీబోర్డ్, ఎవరి సొంత మాటల్లో వాళ్లు చేతులెత్తి గట్టిగా చేసే ప్రార్థన. శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి ఆల్ నైట్ ప్రేయర్. నాకు బాగుంది. ఇప్పటికీ తీసిపారేయను, అక్కడే నేను మొదటిసారి దేవుడి ముందు ఏడ్చాను. అయితే దాంతోపాటు కాస్త పొగరు కూడా వచ్చింది. ఆదివారం మా అమ్మ గుడికి పోయొస్తే, “ఏం చేశారమ్మా, ఈ వారమూ పుస్తకం చూసి అప్పజెప్పారా?” అనేవాణ్ని. “వ్యర్థమైన మాటలు వచింపవద్దు అని యేసుప్రభువే అన్నాడు కదా” అని మత్తయి సువార్త చూపించేవాణ్ని. ఆ వచనానికి రెండు వచనాల కిందే ఆయన ఈ ప్రార్థన నేర్పించాడన్న సంగతి అప్పట్లో నా కంటికి ఆనలేదు.

అమ్మ నాతో వాదించేది కాదు. రోజూ నాలుగింటికి లేచేది. వంటింట్లో బియ్యం డబ్బా పక్కన పీట వేసుకుని, ముందు పరలోక ప్రార్థన పైకే చెప్పేది. తర్వాత ఒక ఖాతా పుస్తకం తీసేది. మా కొట్లో సగం వాడి వదిలేసిన ఎర్ర అట్ట పుస్తకం, నేనే తెచ్చిచ్చాను. అందులో పేర్లు. బంధువులు, సంఘంలో జబ్బుపడ్డవాళ్లు, పాలు పోసే అబ్బాయి, ఎప్పుడో రైల్లో పక్కన కూర్చున్న ఒకావిడ. వరసగా పేర్లు చదివేది, అంతే. ఫలానా వాళ్లకు ఉద్యోగం ఇవ్వు, ఫలానా వాళ్ల కాలు బాగుచెయ్యి, అలాంటివేమీ ఉండవు.

“ఇదేం ప్రార్థనమ్మా, బళ్లో అటెండెన్స్ లాగా?” అన్నాను ఒకసారి.

“వాళ్ల సంగతులు ఆయనకి తెలుసు నాన్నా. ఈ పుస్తకం నేను మర్చిపోకుండా ఉండటానికి,” అంది.

ఆ గొణుగుడే నాకు అలారం. నాలుగున్నరకు ఆ చదువుడు అయిపోయి స్టవ్ వెలిగిన చప్పుడైతే ఇక లేవాలని అర్థం. సీజన్లో రాత్రి పదకొండు దాకా లెక్కలు చూసి పడుకున్నవాడికి అది ఎంత చిరాకో చెప్పలేను. 2023 ఆగస్టులో ఒకరోజు ఆ గొణుగుడు వినపడలేదు. నిద్రలోనే గమనించాను. హమ్మయ్య, అమ్మ కూడా ఇవాళ పడుకుంది అనుకుని అటు తిరిగి ఇంకో గంటన్నర హాయిగా నిద్రపోయాను.

లేచి చూసేసరికి పీట పక్కన కింద ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకి పోయింది.

ఆసుపత్రిలో డాక్టరు గారు మొదట అడిగిన ప్రశ్న, “ఎప్పుడు మొదలైంది?” పక్షవాతమట, మెదడులో నెత్తురు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట. ఎప్పటిదాకా బాగుందో కచ్చితంగా తెలిస్తేనే ఇస్తారట. నాకు తెలిసింది రాత్రి పదింటికి మంచినీళ్ల చెంబు తీసుకుని పోయిందని ఒక్కటే. ఆ పూట నేను చిరాకుపడకుండా, ఎందుకు చప్పుడు లేదని ఒక్కసారి లేచి చూసుంటే ఏమయ్యేదో. ఈ ఆలోచన మీద చాలా రాత్రులు ఖర్చు పెట్టాను, ఇక్కడ ఇంకా రాయను.

ఆ పది రోజులూ ఆసుపత్రి వరండాలో నేను చేసిన ప్రార్థన పూర్తిగా బేరం. నిలబడి, నడుస్తూ, మెట్ల మీద కూర్చుని. అమ్మకు మాట వస్తే దశమభాగం, సంపాదనలో పదో వంతు, సరిగ్గా ఇస్తాను, కోపం మానేస్తాను, అది చేస్తాను, ఇది చేస్తాను. కొట్లో రైతు దగ్గర మాట్లాడినట్టే మాట్లాడాను. మా సంఘం వాళ్లు వచ్చి తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. ప్రేమతోనే చేశారు. మూడు నెలలైనా మాట రాకపోయేసరికి వాళ్లలో ఒక పెద్దమనిషి నన్ను పక్కకి పిలిచి, “ఇంట్లో ఎక్కడో అవిశ్వాసం ఉంది బ్రదర్,” అన్నాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. అపొస్తలుడు పౌలు తన శరీరంలోని ముల్లు లాంటి బాధ తీసెయ్యమని దేవుణ్ని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆ శ్రమల గిన్నె తొలగించమని అడిగిన యేసుకు కూడా తొలగలేదు. వాళ్లిద్దరి ఇళ్లలో అవిశ్వాసం ఎక్కడుందో ఆ పెద్దమనిషిని అడగాల్సింది. ఆ రోజు నోరు రాలేదు.

ఇంతకీ ఆ ప్రార్థన ఎలా బయటపడిందో చెప్పాలి. ఇంటికి తీసుకొచ్చిన నాలుగో వారం, అమ్మ వాళ్ల గుడి పాస్టరు గారు చూడటానికి వచ్చారు. అప్పటికి అమ్మ నోట ‘అది’ తప్ప ఇంకో మాట లేదు. ఆయన చిన్న ప్రార్థన చేసి, చివర్లో అలవాటుగా “పరలోకమందున్న మా తండ్రీ” అని మొదలుపెట్టారు. మేమంతా కళ్లు మూసుకుని అందుకున్నాం. నా భార్య నా మోచెయ్యి గిల్లింది. కళ్లు తెరిచి చూస్తే అమ్మ పెదాలు కదులుతున్నాయి. దగ్గరికి వంగితే గొంతు కూడా వస్తోంది. “...భూమియందును నెరవేరును గాక.” పాస్టరు గారు కూడా ఆగిపోయారు. మేం ఆపినా అమ్మ ఆపలేదు, ఆమేన్ దాకా పోయింది. ఆ తర్వాత మళ్లీ “అది”.

అద్భుతం అనుకున్నాం. నేనైతే ఇక రేపటి నుంచి గడగడా మాట్లాడేస్తుందనుకుని యార్డులో స్వీట్లు కూడా పంచాను. స్పీచ్ థెరపీకి వచ్చే అమ్మాయి మాత్రం సంతోషపడింది కానీ ఆశ్చర్యపోలేదు. దీన్ని అఫేజియా అంటారంది. మాటలు ఏరుకుని కొత్త వాక్యం కూర్చే చోటు, చాలామందికి మెదడులో ఎడం వైపు, దెబ్బతింటుంది. చిన్నప్పటి నుంచి వేలసార్లు చెప్పి చెప్పి నోటికి పట్టేసినవి మాత్రం చాలామందికి మిగిలిపోతాయట. ఒకటి నుంచి పది అంకెలు, వారాల పేర్లు, పాటలు, ప్రార్థనలు. కొందరికి బూతులు మాత్రమే మిగులుతాయని కూడా చెప్పింది. మా నాన్న బతికుండి ఆయనకు ఈ జబ్బు వచ్చుంటే ఏం మిగిలేదో తల్చుకుని నేనూ నా భార్యా వంటింట్లోకి పోయి నవ్వుకున్నాం. ఆసుపత్రి తర్వాత మేం నవ్వింది అదే మొదటిసారి.

“అయితే ఆకలేస్తే ‘మా అనుదినాహారము’ అని అడుగుతుందా?” అన్నాను. అలా కాదట. అది దండలో పూసలాంటిది, మధ్యలో ఒక పూసని విడిగా తీయడం కుదరదు. మొదటి నుంచి లాగితేనే వస్తుంది. మధ్యలో తెగితే ఎవరైనా అందివ్వాలి.

ఆ అమ్మాయి చెప్పినదాంతో నాకు కొంత నిరాశ కలిగింది. మెదడు పనేనా, ఇంకేమీ లేదా అని. వారం పాటు అదే ఆలోచన. తర్వాత ఒకరోజు కాటా దగ్గర నిలబడి ఉండగా వేరే సంగతి తట్టింది. సిలువ మీద యేసు పైకి పలికిన మాటల్లో “నా దేవా, నా దేవా” అన్నది 22వ కీర్తన మొదటి మాట. తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించిన మాట 31వ కీర్తనలోది. చిన్నప్పుడు ఇంట్లోనో సమాజమందిరంలోనో నోటికి వచ్చినవే అయ్యుంటాయి. ఊపిరాడని స్థితిలో దేవుని కుమారుడే సొంత మాటలు వెతుక్కోలేదు, కంఠతా వచ్చిందే పలికాడు. నేను ‘అప్పజెప్పడం’ అని ఎగతాళి చేసింది దాన్నే.

శిష్యులు కూడా “మాకు ప్రార్థన చేయ నేర్పుము” అని అడిగారు. ప్రార్థన దానంతటదే పుట్టుకొచ్చేదైతే నేర్పమని అడగడం ఎందుకు? ఈ ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పమని తొలి కాలపు క్రైస్తవుల బోధలోనే ఉంది. మా లూథరన్ సంఘాలకు ఆ పేరు వచ్చింది ఎవరి నుంచో ఆ మార్టిన్ లూథర్‌కు క్షౌరం చేసే పీటర్ అనే ఆయన ఎలా ప్రార్థించాలని అడిగితే, 1535లో ఆయన కోసం ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. మంచి క్షురకుడు కత్తి మీదా వెంట్రుక మీదా ధ్యాస పెడతాడు, కబుర్లలో పడితే ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనకూ అంత ధ్యాస కావాలంటాడు. అందులోనే ఇంకో మాట ఉంది. లోకంలో అందరికంటే పెద్ద హతసాక్షి, అంటే విశ్వాసం కోసం హింసపడి చనిపోయినవాడు, పరలోక ప్రార్థనేనట, ప్రతివాడూ దాన్ని హింసపెట్టేవాడే కాబట్టి. ఆదివారం ఆరాధన చివర్లో బయట చెప్పులు గుర్తొచ్చి నేను దాన్ని లాగించిన వేగం గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇప్పుడు ఆ ఒక్కచోటు సంగతి.

అమ్మ రోజూ “మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము” దాకా ధారగా వస్తుంది. తర్వాత “మా...” అని ఆగిపోతుంది. పెదాలు గుండ్రంగా చుట్టి ప్రయత్నిస్తుంది. నా వంక చూస్తుంది. నేను “ఋణస్థులను” అని అందిస్తే “మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము” అని మిగతాది సాఫీగా పోతుంది. ఆ ‘ఋ’, ఆ ‘ణ’, ఆ ‘స్థు’ పలకడం కష్టం, అంతకుమించి ఏమీ లేదని థెరపీ అమ్మాయి అంది. నేనూ ఒప్పుకున్నాను. కానీ రోజూ తెల్లవారుజామున, చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఆ ఒక్క మాటా నేనే పలకాల్సి వస్తోంది.

నాకు ఒక ఋణస్థుడు ఉన్నాడు. చిన్నాన్న కొడుకు, నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. ప్రత్తిపాడు వైపు నాలుగెకరాలు కౌలుకి చేసి 2021లో మిర్చి వేశాడు. పెట్టుబడి కోసం మా కొట్లోనే అడ్వాన్సు ఇప్పించాను, హామీ నాది. ఆ ఏడు నల్ల తామర పురుగు వచ్చి పూతంతా మాడ్చేసింది. గుంటూరు చుట్టుపక్కల ఎందరో చేలు దున్నేశారు, వాడూ దున్నేశాడు. అక్కడిదాకా వాడి తప్పేం లేదు. కానీ తర్వాతి ఏడు పండిన కాయని మా కొట్టుకి తేకుండా, నాకు తెలియకుండా వేరే కొట్లో అమ్ముకున్నాడు. హామీ నాది కాబట్టి 2,40,000 రూపాయలు నా జీతంలోంచి నెలనెలా కోత. ఫోన్ చేస్తే ఎత్తడు. అమ్మ పడిపోయినప్పుడు ఆసుపత్రికి వచ్చి, నేను భోజనానికి పోయిన సమయం చూసి చూసిపోయాడు.

ఇంగ్లీషులో ఈ వాక్యం తిరగేసి ఉంటుంది. మమ్మల్ని క్షమించు అన్నది ముందు, మేం క్షమించినట్టుగా అన్నది వెనక. మన తెలుగు వాక్యంలో అలా కుదరదు. ముందు మన ఋణస్థులు వస్తారు, వాళ్లని దాటితే గానీ మన ఋణాల దగ్గరికి చేరలేం. ముప్పై అయిదేళ్లు ఆ వాక్యం చెప్పాను, ఈ సంగతి గమనించింది మాత్రం అమ్మ దాని మధ్యలో ఆగడం మొదలయ్యాకే.

ప్రార్థన అయ్యాక ఎర్ర అట్ట పుస్తకం కూడా నేనే చదువుతాను, వేలితో చూపించి పేరు పేరునా. వాడి పేరు మూడో పేజీలో, పై నుంచి ఆరోది. ఏడాదిన్నర పాటు అయిదు తర్వాత ఏడు చదివాను. అమ్మ గమనించలేదు. గమనించి ముఖం ముడుచుకుని ఉంటే సర్దుకునేవాణ్నేమో. గమనించలేదు కాబట్టి, దాటేసిన సంగతి నాకూ ఇంకొకాయనకూ తప్ప ఎవరికీ తెలీదు. అలాంటి పరిస్థితిలో పుస్తకం పట్టుకుని కూర్చోవడం చాలా ఇబ్బంది. లెక్కల మనిషిని, దాటేసిన ఎంట్రీ ఎక్కడున్నా నా కంటికి కనపడుతుంది.

ప్రార్థన వల్ల మనిషి మెత్తబడతాడని చెప్తారు. నా మట్టుకు నేను మెత్తబడలేదు. కాకపోతే తప్పించుకోవడానికి చోటు తగ్గిపోయింది. రోజంతా యార్డులో నేను వాడి గురించి ఏమన్నా అనుకోవచ్చు, అంటాను కూడా. పొద్దున అయిదు నిమిషాలు మాత్రం నా నోటితో నేనే ఆ మాట అందించాలి. అందించకపోతే అమ్మ ‘మా’ దగ్గరే నిలబడిపోతుంది.

ఈ ఫిబ్రవరిలో ఒక ఆదివారం వాడే వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచీ. సీజన్ లెక్కలు ముందు గదిలో పరుచుకుని కూర్చున్నాను. “బాగున్నావా అన్నయ్యా?” అన్నాడు. తల ఊపాను. లోపలికి పోయి “పెద్దమ్మా” అని అమ్మ పక్కన కూర్చున్నాడు. అమ్మకు వాణ్ని చూస్తే ఎప్పుడూ సంబరమే, “అది, అది, అది” అంటోంది. ఆ పొద్దున నేను ఆలస్యంగా లేచి ప్రార్థన చేయలేదు. నా భార్య వాడికి మంచినీళ్లిస్తూ, “ఇవాళ ఇంకా అవ్వలేదు, నువ్వు అందివ్వు, చెప్తుంది,” అంది. కావాలని అందో, మామూలుగా అందో ఇప్పటికీ అడగలేదు.

వాడు మొదలుపెట్టాడు. అమ్మ ఎత్తుకుంది. నేను పెన్ను పట్టుకుని కాగితం వైపు చూస్తూ వింటున్నాను. నామము, రాజ్యము, చిత్తము, ఆహారము. తర్వాత “మా...”

ఆగింది.

వాడికి తెలీదు కదా అక్కడ అందివ్వాలని. నేను ఇక్కడి నుంచే అనేయొచ్చు, మధ్యలో ఉన్నది ఒక్క గోడే. నోరు పెగల్లేదు. అమ్మ మళ్లీ “మా...” అంది. లోపల గ్లాసు కింద పెట్టిన చప్పుడు. వాడు గొంతు సవరించుకున్నాడు.

“రునస్తుల్ని,” అన్నాడు, వాళ్ల ఊరి యాసలో, చాలా చిన్నగా.

“మేము క్షమించియున్న ప్రకారము,” అని అమ్మ ముందుకు పోయింది.

ఆమేన్ అయ్యాక చాలాసేపు వాడు బయటికి రాలేదు. వచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి, నా చొక్కా ఘాటేమో. నా భార్య కాఫీ తెచ్చింది. ఇద్దరం తాగాం. ధరల గురించి మాట్లాడాడు, తేజ రకం మిర్చి ఎలా పోతోంది, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా వద్దా అని. బాకీ మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లేచి చెప్పులేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

“ఈసారి కాయ మీ కొట్టుకే తెస్తా అన్నయ్యా.”

“తేమ లేకుండా ఆరబెట్టి తీసుకురా,” అన్నాను.